శాంతినికేతన్ అచ్చుచిత్రాలు: తరగతి గది నుంచి మ్యూజియం దాకా

యాభై ప్రతులున్న బొమ్మలో అసలుది ఏది? ప్రింట్‌మేకింగ్‌ను మన దేశంలో మొదటినుంచీ వెంటాడుతున్న ప్రశ్న ఇది. అన్నీ అసలైనవే. కళాకారుడు రేకు మీదో చెక్క మీదో గీసి, చెక్కి, అచ్చు తీసి, పెన్సిలుతో 7/50 అని రాసి సంతకం పెడితే, అది యాభైలో ఏడోది. ఫొటో తీసి ముద్రించిన పోస్టరు కాదు. అయినా కొనేవాళ్ల అనుమానం పోలేదు, ధరా పెద్దగా పెరగలేదు. అలాంటివి విశ్వవిద్యాలయాల మ్యూజియాలకు ఎందుకు చేరాయంటే, చవక అని మాత్రమే కాదు. చాలావాటికి పుట్టిల్లు ఆ విశ్వవిద్యాలయాలే.

శాంతినికేతన్‌లో రవీంద్రుడు పెట్టిన విశ్వభారతినే చూడండి. అక్కడి చిత్రకళాశాల కళాభవన్ 1919లో మొదలైంది. అంతకు ముందే, 1916లో, రవీంద్రుడి వెంట జపాన్, అమెరికా వెళ్లిన చిత్రకారుడు ముకుల్ దే షికాగోలో ఎచింగ్, అంటే లోహపు రేకు మీది గీతల్ని ఆమ్లంతో తినిపించి అచ్చు తీసే పద్ధతి, నేర్చుకున్నాడు. 1920ల తొలినాళ్లలో ఫ్రెంచ్ చిత్రకారిణి ఆంద్రే కార్పెలెస్ శాంతినికేతన్‌లో చెక్కబొమ్మల అచ్చు నేర్పింది. దండి యాత్ర జరిగిన 1930లో నందలాల్ బోస్ చేతికర్రతో నడిచే గాంధీని లినోకట్‌గా, అంటే మెత్తటి లినోలియం పలక మీద, చెక్కాడు. నల్లటి నేల మీద కొన్ని తెల్ల గీతలు, అంతే. లినోకట్‌కు పెద్ద ప్రెస్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ, ఎన్ని ప్రతులైనా పంచొచ్చు. ఉద్యమ కాలానికి ఇంతకన్నా తగిన పద్ధతి ఏముంది?

మనకు దగ్గర సంగతి ఆ తర్వాతిది. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి 1940ల్లో కళాభవన్‌లో నందలాల్ దగ్గర చదువుకున్నాడు. తర్వాత లండన్, అక్కణ్నుంచి పారిస్‌లో ప్రింట్‌మేకర్ హేటర్ నడిపే అతెలియే 17 అనే స్టూడియో. రంగుల అచ్చుకు అప్పటిదాకా రంగుకో ఫలకం వాడటం మామూలు. ఇక్కడ ఒకే రేకును రకరకాల లోతుల్లో చెక్కి, సిరాల్లో నూనె పాళ్లు మార్చారు. పల్చటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. గట్టి రోలరు పైభాగాన్నే తాకుతుంది, మెత్తటిది లోతులోకి దిగుతుంది. అన్ని రంగులూ ఒక్క ఒత్తులో కాగితమెక్కుతాయి. విస్కాసిటీ (చిక్కదనం) ప్రింటింగ్ అనే ఈ పద్ధతిని రూపొందించడంలో ఆయనతో పాటు మరో ప్రింట్‌మేకర్ కైకో మోతీ పేరూ చెప్పాలి. 1968 పారిస్ విద్యార్థుల తిరుగుబాటు చూసి చేసిన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ ఆయన పనుల్లో ప్రసిద్ధం. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, 2018లో ఆ నగరంలోనే కన్నుమూశాడు.

1969 ప్రాంతంలో సోమనాథ్ హోర్ కళాభవన్‌లో అచ్చుచిత్రాలు నేర్పే గ్రాఫిక్స్ విభాగానికి వచ్చాడు. ఆయన ‘గాయాలు’ వరుసకు సిరా ఊసే దాదాపు లేదు: మట్టిపలకను కోసి, దాని మీద సిమెంటు అచ్చు పోసి, అందులో కాగితపు గుజ్జు నింపాడు. తెల్ల కాగితంలో తెల్లటి గాయాలు. దీన్ని ప్రింట్ అనాలా, శిల్పం అనాలా అని నేటికీ తగవే. నాకైతే రెండూను.

మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన ప్రింట్‌మేకర్ లక్ష్మా గౌడ్‌ది మరో దారి. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నేర్పాడు.

ఇక ఇవి మ్యూజియం చేరాక సంగతి. కాగితం వెలుతురు ఓర్చదు; వెలుతురు 50 లక్స్ (కాంతిని కొలిచే ప్రమాణం) మించకుండా, అదీ కొన్నాళ్లే ప్రదర్శిస్తారు, మిగతా కాలమంతా పెట్టెల్లోనే. గ్యాలరీలు కొనేది సంతకం పడ్డ తుది ప్రతిని. మధ్యలో తీసి చూసుకున్న ప్రూఫులు, తప్పు పడ్డ ప్రతులు, అరిగిన రేకులు అమ్ముడుపోవు. బోధించే చోటే మిగులుతాయి. కృష్ణారెడ్డి శిల్పంలా చెక్కిన రేకును ప్రింట్ పక్కన పెట్టి చూపగలిగేది కూడా అలాంటి మ్యూజియమే.