మూడంగుళాల పిల్ల నాలుగడుగులైతే

అక్వేరియం దుకాణంలో నీళ్ల కవరులో కట్టిచ్చే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ పిల్ల మూడంగుళాలుంటుంది. నల్లని వీపు, పక్కన తెల్లని పట్టీ, మూతికి మూడు జతల మీసాలు, పెరిగేకొద్దీ ఎర్రబడే తోక. చూడముచ్చటైన పిల్ల. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఒరినోకో నదుల్లో తిరిగే ఈ జాతి నాలుగడుగులకు పెరుగుతుంది. 50 కిలోలు దాటి తూగినవి కూడా గాలానికి పడ్డాయి. ఇంట్లో సరిగా మేపితే ఏడాది తిరిగేసరికి అడుగున్నర దాటుతుంది, ఆపైన పదిహేనేళ్లకు మించి బతుకుతుంది. కొనేవాళ్లు లెక్క కట్టుకోవాల్సింది ఆ నాలుగడుగులకే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒంటి మీద చారలతో, పారలాంటి మూతితో ఉండే టైగర్ షావెల్‌నోజ్ మూడడుగులు దాటుతుంది. చిన్న తొట్టెల్లో ‘షార్క్’ పేరుతో అమ్మే వెండిరంగు పిల్లకు షార్క్‌తో ఏ చుట్టరికమూ లేదు. అది కైకలూరు వైపు చెరువుల్లో టన్నుల లెక్కన పెంచే ఫంగస్ చేప. వేటాడదు గానీ అదీ మూడు నాలుగడుగులకు పెరిగే జాతే. బెదిరితే అద్దానికి మూతి గుద్దుకుంటుంది. మన కృష్ణలోని వాలుగ అసలైన వేటగత్తె. దాని నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతుంది. నదుల్లో అది తగ్గిపోతోంది కాబట్టి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది. పట్టి తెచ్చి తొట్టెలో వేయాల్సిన చేప కాదు.

“తొట్టె ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది” అనే మాట దుకాణాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది నిజం కాదు. ఇరుకు తొట్టెలో ఎదుగుదల మందగించేది మలినం పేరుకుని, తిరగడానికి చోటు లేక. వెన్ను వంకరపోతుంది, మూతి ఒరుసుకుపోతుంది, ఆయుష్షు తరుగుతుంది. సర్దుకుపోతున్నట్టు కనబడే చేప నిజానికి జబ్బు పడుతోంది.

ముందు బరువు సంగతి చూద్దాం. ఘనపుటడుగు నీళ్లు 28 కిలోలు తూగుతాయి. అంటే అడుగు లోతు నీళ్లు పోస్తే కింద ప్రతి చదరపుటడుగు మీదా 28 కిలోలు పడతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం నివాసపు గది స్లాబుకు మనుషులు, సామాను కలిపి లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 200 కిలోలు, అంటే చదరపుటడుగుకు 19 కిలోల లోపు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టెలో 680 లీటర్లు పడతాయి. అద్దం, స్టాండు కలిస్తే 800 కిలోల పైమాటే. గదిలో మిగతా చోటు ఖాళీగా ఉండి, తొట్టె దూలం వారగా గోడకు ఆని ఉంటే చాలా స్లాబులు దీన్ని మోస్తాయి. అయినా ఇంజనీరుకు చూపించి పెట్టడమే మంచిది. బాల్కనీలో మాత్రం పెట్టనే కూడదు. ఇంతా చేస్తే ఆ తొట్టె వెడల్పు రెండడుగులే. రెండడుగుల చేప అందులో ఒళ్లు వంచితేనే గానీ వెనక్కి తిరగలేదు. ఏడాదిన్నర గడిచేసరికి ఆ తొట్టె పని అయిపోతుంది.

ఎదిగిన చేపకు వెడల్పు ఒంటి పొడవుకు రెట్టింపు కావాలి. ఆ లెక్కన 14 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటి లోతు పెట్టుకుంటే 11,000 లీటర్లవుతుంది. పదకొండు టన్నుల నీళ్లు! అపార్ట్‌మెంటులో ఇది జరిగే పని కాదు. నేల మీద, సొంత స్థలంలో, సిమెంటు తొట్టే కట్టుకోవాలి. రెండడుగులు భూమిలోకి దించితే ఎండాకాలం నీళ్లు తొందరగా కాగవు. మూలలు గుండ్రంగా తిప్పాలి, తొట్టె అడుగుభాగం ఒక వైపుకు వాలుగా ఉండి అక్కడ తూము ఉండాలి. కొత్త సిమెంటు నుంచి సున్నం ఊరి నీటి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాల కొలతను) 10 దాటిస్తుంది, అందులో వేసిన చేప మొప్పలు కాలి చస్తుంది. నీళ్లు నింపి నాలుగు రోజులు ఉంచి వదిలేయడం, మళ్లీ నింపడం, ఇలా మూడు నాలుగు వారాలు చేయాలి. చివర నింపిన నీళ్ల పీహెచ్ రెండు రోజులైనా కుళాయి నీటి పీహెచ్ దగ్గరే నిలిస్తే తొట్టె సిద్ధమైనట్టు.

ఇక మలినం. చేప మూత్రం కంటే ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాను వదులుతుంది. అది మేతలోని మాంసకృత్తుల నుంచి వస్తుంది. చేపల పెంపకంలో వాడే ఒక అంచనా సూత్రం ఉంది: మేత బరువును అందులోని మాంసకృత్తుల వంతుతో, ఆపైన 0.092తో గుణిస్తే అమ్మోనియా నత్రజని వస్తుంది. పది కిలోల చేపకు 40 శాతం మాంసకృత్తులున్న గుళికలు వారానికి 500 గ్రాములు వేశామనుకుందాం. 500 × 0.40 × 0.092, అంటే 18.4 గ్రాములు. ఫిల్టరులోని బ్యాక్టీరియా దీన్ని ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుగా తూకం వేస్తే 81 గ్రాముల దాకా అవుతుంది. ఈ 81 గ్రాములు 680 లీటర్ల తొట్టెలో కలిస్తే లీటరుకు 120 మిల్లీగ్రాములు పెరుగుతాయి. వారం వారం సగం నీళ్లు మార్చినా, చివరికి 240 దగ్గర ఆగుతుంది. అదే 11,000 లీటర్లలో వారానికి పెరిగేది ఏడు చిల్లర. 30 శాతం నీళ్లు మారిస్తే 25 దాటదు. ఈ చేపలకు 40 లోపు ఉంచడం మేలు. ఫిల్టరు ఎంత ఖరీదుదైనా నైట్రేటును బయటికి పంపదు, నీళ్లు మార్చాల్సిందే.

అమ్మోనియా ఎంత విషమో పీహెచ్, వేడి కలిసి నిర్ణయిస్తాయి. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషరూపం 0.6 శాతమే. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలైతే అది 7.5 శాతం, పీహెచ్ 8.5 అయితే 20 శాతం. మన కృష్ణ నీళ్లు, బోరు నీళ్లు చాలావరకు క్షారగుణం వైపే ఉంటాయి. అందుకే అమెజాన్ మెత్తని నీటి లెక్కలు చదివి “కొంచెం అమ్మోనియా ఉంటే ఏమవుతుందిలే” అనుకుంటే బెజవాడ మే నెలలో చేప దక్కదు.

ఫిల్టరు కట్టడం కష్టం కాదు. తొట్టె అడుగు నుంచి వచ్చే నీళ్లు ముందు 200 లీటర్ల నీలం డ్రమ్ములో నిదానించి బరువైన మలాన్ని వదలాలి, తర్వాత స్పాంజీ పొరల గుండా వెళ్లాలి, ఆ తర్వాత గాలి బుడగలతో సుడి తిరిగే ప్లాస్టిక్ గింజల డ్రమ్ములోకి చేరాలి. బ్యాక్టీరియా అంటుకుని ఉండేది ఈ గింజల మీదే. ఘనపు మీటరుకు 500 చదరపు మీటర్ల ఉపరితలం ఉండే గింజలైతే 100 లీటర్లు ఈ చేపకు ధారాళంగా సరిపోతాయి. మోటారు గంటకు 10,000 లీటర్లు తోడాలి. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత ఫిల్టరు గింజలు కొన్ని తెచ్చి కలిపితే తొందరగా కుదురుకుంటుంది. స్పాంజీలను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగితే ఆ కష్టమంతా ఒక్క పూటలో పోతుంది, తొట్టె నీళ్లతోనే కడగాలి. ఈ బ్యాక్టీరియా పనిలో నీటి క్షారత కూడా ఖర్చవుతుంది. 500 గ్రాముల మేతకు ఖర్చయ్యే క్షారత సుమారు 220 గ్రాముల వంటసోడాకు సమానం. గట్టి బోరు నీళ్లు వారం వారం మార్చేవాళ్లకు ఇది దానంతటదే తీరుతుంది, ఆర్‌వో నీళ్లు వాడేవాళ్లకు తీరదు.

మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీయాలి. ఒక గ్రాము క్లోరిన్‌కు ఏడు గ్రాముల హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, పడుతుంది. వారానికి మార్చే 30 శాతం, అంటే 3,300 లీటర్లలో, లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే 25 గ్రాములు చాలు, 30 వేస్తే నిశ్చింత. వానాకాలంలో బ్లీచింగ్ మోతాదు పెంచుతారు, ఆ రోజుల్లో పరీక్షించి వేయాలి.

రెడ్‌టెయిల్‌కు 22 నుంచి 27 డిగ్రీలు హాయి. విజయవాడ ఎండ 45 దాటిన రోజులున్నాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది: 25 డిగ్రీల్లో లీటరుకు 8.3 మిల్లీగ్రాములు కరిగేది 35 డిగ్రీల్లో 7కు పడిపోతుంది, అదే సమయంలో చేపకు అవసరం పెరుగుతుంది. తొట్టె మీద తెల్లని కప్పు, పడమర వైపు గ్రీన్ నెట్, నీళ్లు పలచగా జారిపడే ఏర్పాటు ఉండాలి. పడమటి వడగాలి కొట్టే పొడి మధ్యాహ్నాల్లో ఈ జారుడు నీళ్లు బాగా చల్లబడతాయి, జూలై ఉక్కపోతలో పెద్దగా ఫలితం ఉండదు. ఆవిరైన నీటికి బదులు పోయడం నీళ్లు మార్చడం కిందకు రాదు, లవణాలు వెనకే మిగిలిపోతాయి. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం నీళ్లు వదలడం. ఆ పైపులో మొదట వచ్చేది చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు. తెల్లవారుజామునే మార్చాలి.

కరెంటు పోతే ముందుగా ఆగకూడనిది గాలి. ఎయిర్ పంపు ఒక్కటి ఇన్వర్టరు మీద ఉంటే చేపా, ఫిల్టరు బ్యాక్టీరియా రెండూ నిలుస్తాయి. మూతవేసిన ఫిల్టరు కొన్ని గంటలు ఆగితే లోపల కుళ్లు వాసన వస్తుంది. ఆ నీళ్లు పారబోసి, గింజలు కడిగాకే మళ్లీ కలపాలి.

మేతలో అతి చేస్తే చేటు ఎక్కువ. పిల్లకు రోజూ కొంచెం, అడుగు దాటాక రోజు విడిచి రోజు, ఎదిగాక వారానికి రెండు మూడు సార్లు చాలు. పొట్ట గుండ్రంగా కనబడితే ఆపాలి. కొర్రమేనుకు తయారుచేసే గుళికలు మన ప్రాంతంలో దొరుకుతాయి, వాటిలో మాంసకృత్తులు ఎక్కువ. ఫంగస్ మేతలో తక్కువ కాబట్టి పిల్లకు చాలదు. వీటికి తోడు రొయ్యలు, ముల్లు తీసిన చేప ముక్కలు వేయవచ్చు. గోల్డ్‌ఫిష్, బంగారుతీగ పచ్చిగా రోజూ వేస్తే వాటిలోని థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, చేప తూలుతుంది, వణుకుతుంది. బతికున్న చిన్న చేపలు వేస్తే వాటితో పాటు పరాన్నజీవులూ వస్తాయి. కోడి, గొడ్డు మాంసపు కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది.

ఈ చేప మీసాలతో తడిమి, నోట్లో పట్టిందల్లా మింగుతుంది: గులకరాళ్లు, థర్మామీటర్, రబ్బరు బిరడా, తోటి చేప. తన పొడవులో సగం ఉన్నదాన్నీ వదలదు. అందుకే తొట్టె అడుగు నున్నగానో, సన్నని ఇసుకతోనో ఉండాలి. మన చలికి హీటరు దాదాపు అక్కర్లేదు, తప్పనిసరైతే ఫిల్టరు డ్రమ్ములో పెట్టాలి. తొట్టెలో గాజు హీటరు పెడితే చేప దాని మీదే పడుకుని కాల్చుకుంటుంది, లేదా తోకతో పగలగొడుతుంది. పై మూత బరువుగా ఉండాలి. వలతో ఎప్పుడూ పట్టకూడదు, రొమ్ము రెక్కల ముళ్లు చిక్కుకుని విరుగుతాయి. తడిపిన నున్నని బరకాన్ని కింద నుంచి ఊయలలా పట్టి, నీళ్లతో సహా ఇద్దరు ఎత్తాలి. పొలుసు లేని చర్మం కాబట్టి రాగి మందులు, మలాకైట్ గ్రీన్ మామూలు మోతాదులో తట్టుకోలేదు, సగంతో మొదలుపెట్టాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి బెజవాడ మరిచిపోలేదు. ఈ తొట్టెను బరువు నేల మీద కట్టమంటుంది, వరద నేల మీద వద్దంటుంది. పల్లపు కాలనీల్లో ఈ రెంటికీ మధ్య దారి లేదు, అక్కడ ఈ చేపను పెంచకపోవడమే సరైనది. 2018 వరదల తర్వాత కేరళ నదుల్లో ఆరాపైమా, ఆలిగేటర్ గార్ కనబడ్డాయి. అవి పెంపకం నుంచి తప్పించుకున్న దక్షిణ, ఉత్తర అమెరికా వేటచేపలు. తొట్టెలు శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు మన నదుల్లోనూ చెరువుల్లోనూ వలలు చింపుతోంది. కాబట్టి పెరిగిపోయిన చేపను ఏలూరు కాలువలోనో, బందరు కాలువలోనో, ఏ రైతు చెరువులోనో వదలకూడదు. ముందే పెద్ద తొట్టె ఉన్నవాళ్లతో మాట్లాడి పెట్టుకోవాలి, అలాంటివాళ్లు దొరకకపోతే కొనకూడదు.

వేటచేప మీద మనసు పడ్డవాళ్లకు మన కాలువల్లో చారల చిన్న జెల్ల ఉంది. జానెడుకు మించదు. నాలుగడుగుల తొట్టెలో సన్నని ఇసుక, రెండు మూడు కుండ పెంకులు, మసక వెలుతురు ఇస్తే సాయంత్రం దీపం తగ్గగానే బయటికి వచ్చి, నాలుగు జతల మీసాలతో ఇసుకంతా గాలిస్తూ తిరుగుతుంది.