డైవింగ్ సూట్: అపోహలు - వాస్తవాలు

2024 సెప్టెంబరు వరదల్లో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కుపోయినప్పటి నుంచీ, నీళ్లలో దిగి పనిచేసే మా బోటివారిని ఒడ్డున అందరూ అడిగేది ఒకే మాట: "సూట్ వేసుకుంటారుగా, ఇంక భయమేముంది?"

అపోహ: సూట్ ఉంటే ఒత్తిడి, ప్రవాహం ఏమీ చేయలేవు.

వాస్తవం: ప్రాణం మీదికి తెచ్చేది ఈ నమ్మకమే. వెట్‌సూట్ అంటే సన్నని గాలిబుడగలున్న నియోప్రీన్ రబ్బరు. అది ఒంటి వేడిని నిలుపుతుంది, తుప్పు పట్టిన ఇనుము గీరుకోకుండా చూస్తుంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై ఆ బుడగలే దాదాపు సగానికి నలిగిపోతాయి. ఇక గేటు సంగతి చూడండి. ఎగువ నీటిమట్టం దిగువకన్నా 3 మీటర్లు ఎక్కువగా ఉండి, గేటు అడుగున 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు సందు ఉంటే, దాన్ని మూసేలా అడ్డం పడిన మనిషిని సుమారు 270 కిలోల బలం అక్కడే అదిమిపెడుతుంది. ఏ సూటూ ఆ బలాన్ని ఆపదు; పైన నీరు మాత్రం నిశ్చలంగానే కనిపిస్తుంది.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక సీనియర్ నన్ను దిగనీయకుండా, ఇసుక నింపిన గోనెసంచిని తాడుకు కట్టి గేటు పక్కగా వదిలారు. సంచి ఒక్కసారిగా గేటు వైపు లాక్కుపోయింది. తాడు జారి నా అరచేతుల చర్మం లేచిపోయింది. ఆయన ఆ రోజు పని ఆపించేశారు. గేటుకు రెండు వైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ఇప్పటికీ నేను దిగను, ఎవరినీ దిగనివ్వను.

అపోహ: వెట్‌సూట్‌లో తడవరు.

వాస్తవం: తడుస్తారు. తడవకుండా ఉంచేది మెడ, మణికట్ల దగ్గర సీళ్లున్న డ్రైసూట్. మురుగు కలిసే కాలువల్లో దిగాలంటే రబ్బరు డ్రైసూట్‌తో పాటు తల మొత్తం మూసే హెల్మెట్ కూడా ఉండాలి.

అపోహ: మన ఎండలకు సూట్ దండగ.

వాస్తవం: నీరు ఒంటి వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. గోరువెచ్చని నీటిలోనైనా గంటల తరబడి ఉంటే వణుకు పుడుతుంది.

అపోహ: సూట్ వేసుకుంటే బెండ్స్ (లోతు నుంచి గబగబా పైకి వస్తే ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టి వచ్చే జబ్బు) రావు.

వాస్తవం: లోపల భూమ్మీది ఒత్తిడినే నిలిపి ఉంచే గట్టి కవచం వంటి సూట్‌లో మాత్రమే ఆ బెడద ఉండదు. అది సముద్రంలో వందల మీటర్ల లోతు పనులకోసం చేసినది. మిగతా ఏ సూట్ వేసుకున్నా, లోతునూ సమయాన్నీ లెక్కవేసుకుని నెమ్మదిగా పైకి రావలసిందే.

ఆమధ్య సీతానగరం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఈత బాగా వచ్చిన కొడుకు, నదిలో గల్లంతైనవారి కోసం వెతకడానికి పిలిచినప్పుడల్లా వెళుతున్నాడట. అప్పు చేసైనా సూట్ కొనిపెడతానని, ఏది మంచిదో చెప్పమని అడిగారు. "అప్పు చేయకండమ్మా, ముందు అబ్బాయిని నా దగ్గరికి పంపండి" అన్నాను. మర్నాడే వచ్చాడు. వారం రోజులు అతని చేత ఒడ్డున తాడే పట్టించాను.