ఎచింగ్ ఉంటే పాతదేనా? పాత గాజు సామాను: అపోహలు - వాస్తవాలు

మాది నల్లగొండల అద్దాల షాపు. తలుపులకు, కిటికీలకు శాండ్ బ్లాస్టింగ్ (గాలి జోరుతోని పౌడర్ కొట్టుడు) డిజైన్లు వేసుడు రోజు పని, పాత ఎచింగ్ గ్లాసులు (ఎచింగ్ అంటే గాజు పైపొరను తొలిచి వేసిన డిజైన్), డికాంటర్లు (మందు పోసిపెట్టే గాజు సీసాలు), కందిలి చిమ్నీలు కొనుడు అమ్ముడు దానెంబడి పట్టుకున్న పిచ్చి. ఈ నడుమ వాట్సాప్‌ల "గాజు మీద పువ్వుల డిజైన్ ఉంటే నిజాం కాలందే, లక్షలు వస్తయి" అని ఒక వీడియో తిరుగుతున్నది, అప్పటిసంది షాపుకు సంచులు పట్టుకొని వచ్చేటోళ్లు ఆగుతలేరు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తున్నది, అందుకే ఇక్కడ రాస్తున్న.

అపోహ: ఎచింగ్ ఉన్నదంటే అది పాత సామానే.

కాదు. జనం పైసలు పోయేది ఈ ఒక్క మాట దగ్గరనే, మిగతా అపోహలన్నీ దీని ముందట చిన్నయి. అన్నా, ఎచింగ్ నేను రోజూ చేస్త! స్టిక్కర్ కట్ చేసి అంటించి, కంప్రెసర్ ఆన్ చేసి గన్నుతోని పౌడర్ కొడితే మీరు చాయ్ తాగేలోపల గ్లాసు మీద మీ తాత పేరు, దాని మీద కిరీటం, కింద 1911 అని సాలు సుత వేసియ్యగలుగుత. అట్ల వేసిన గ్లాసును ఎవడన్న పట్టుకపోయి "వనపర్తి సంస్థానం సామాను" అనో "గద్వాల కోటల దొరికింది" అనో చెప్పుకుంటే నాకెట్ల తెలుస్తది? అందుకే కిరీటాలు, రాజముద్రలు వేయమని వచ్చేటోళ్లను నేను ఎనుకకు పంపుత.

మొన్న మిర్యాలగూడ దిక్కు నుంచి రిటైరైన టీచర్ ఒకాయన ఆరు గ్లాసుల సెట్ తెచ్చిండు. గడీల సామాను అని చెప్తే ముప్పై వేలు పెట్టి కొన్నడట. లూప్ (కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి చూసిన. గ్లాసు అంచు కింద వాడకంతోని పడ్డ సన్నటి గీత ఒకటి అడ్డంగ వచ్చి, కిరీటం డిజైన్ మొదలైన కాడ కత్తిరించినట్టు ఆగింది. డిజైన్ దాటినంక అదే గీత అదే వరుసల మళ్ల కనవడ్డది. దీని మతలబు ఏంది? గీత ముందుగాల పడ్డది, దాని మీద డిజైన్ తర్వాత కొట్టిన్రు. డిజైన్ నిజంగ పాతదైతే గీత దాని మీదికెల్లి పోవాలె, తెల్లటి జాగల సన్నగ మెరుసుకుంట కనవడాలె. గ్లాసు పాతదే సార్, కిరీటమే కొత్తది అన్న. ఆయన చానాసేపు ఏం మాట్లాడలే, ఆఖరుకు "అమ్మినోడు మా తోడల్లుడే" అన్నడు. నేనేం చెప్పాలె ఇగ! మంచినీళ్లు ఇచ్చి, గ్లాసులు ఇంట్ల వాడుకోండ్రి సార్, మంచి గాజే అని పంపిన.

అందుకే డిజైన్ చూసి మురువకుండ్రి, ముందుగాల గ్లాసును బోర్లేసి అడుగు చూడుండ్రి. ఏండ్లకేండ్లు అల్మారల పెట్టి తీసిన గ్లాసుకు అడుగు అంచు మీద సన్నటి గీతలు అన్ని దిక్కులకు పడి ఉంటయి, ఒకటి లోతు, ఒకటి పైపైన. సాండ్ పేపర్‌తోని గీకిన గీతలు ఒకటే వరుసల ఉంటయి, నేలకు తగలని జాగల సుత ఉంటయి. దీనికి ఖరీదైన మిషన్ అక్కరలేదు, కంసాలోళ్లు వాడే పది రెట్ల లూప్ చాలు.

ఇగ తయారీ సంగతి. అమెరికాల ఉన్న మన పిల్లలు అక్కడి ఎస్టేట్ సేల్‌లల్ల (ఇంటి పాత సామానంతా అమ్మేకాడ) ఫోస్టోరియా, కేంబ్రిడ్జ్, హైసీ కంపెనీల గ్లాసులు చూసి నాకు ఫొటోలు పంపుతరు. వాటి మీద పువ్వులు, తీగెలు ఎక్కువ శాతం యాసిడ్‌తోని చేసినయి. లోహపు ప్లేట్ మీద డిజైన్ చెక్కి, దానికి మైనం కలిసిన రంగు పూసి, పల్చటి కాయితం మీదికి ఎత్తి, ఆ కాయితాన్ని గ్లాసుకు అంటించి, డిజైన్ కానిచోటల్ల మైనం పూసి యాసిడ్‌ల ముంచేటోళ్లు. మైనం లేనిచోట గాజును యాసిడ్ తింటది, అంతే. దాన్ని వేలుతోని రాస్తే నున్నగ పట్టులెక్క ఉంటది. శాండ్ బ్లాస్టింగ్ చేసింది లూప్ కింద చక్కెర సల్లినట్టు గరుకుగ కనవడ్తది. చక్రంతోని చెక్కిందైతే కోత పోయిన దిక్కు తెలుస్తది, ఒకచోట లోతు ఒకచోట పైపైన ఉంటది. గట్లని బ్లాస్టింగ్ అంటే కొత్తదే అనుకోకుండ్రి, దాని పేటెంట్ 1870ల టిల్గ్‌మన్ అనే అమెరికా ఆయన తీసుకున్నడు. పని ఎట్ల చేసిన్రో దీంతోని తెలుస్తది, ఎన్నడు చేసిన్రో తెలియాలంటే మళ్ల ఆ గీతలే చూడాలె.

ఒక మాట, యూట్యూబ్ చూసి ఆ యాసిడ్ తెచ్చుకొని ఇంట్ల ఎచింగ్ చేస్త అనేటోళ్లున్నరు. అది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. చర్మం మీద పడ్డప్పుడు ఒక్కోసారి మంట సుత తెల్వది, లోపటికి పోయి ఎముక దాక తింటది, గుండె ఆగి సచ్చిపోయిన కేసులున్నయి. నేనే ముట్ట.

అపోహ: మన ఫ్లోరైడ్ నీళ్లకు గాజు తెల్లబడి పాడైతది.

మర్రిగూడ నుంచి ఒక పెద్దమ్మ అత్తగారి గాజు జగ్గు తెచ్చి, "నీళ్లే తినేసినయి బిడ్డా, పారేద్దునా?" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. ఆమె బాధ సరైందే, ఆ నీళ్లు పండ్లను, బొక్కలను ఏం చేసినయో మనమందరం చూసినం. కని గాజు సంగతి వేరు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటరు, మన దిక్కు బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లున్నా గాజును తినేంత బలం ఆ నీళ్లకు రాదు. ఆ తెలుపు చాలాసార్లు ఉప్పు నీళ్ల సున్నం పొర. వెనిగర్‌ల నానబెట్టి మెత్తటి బట్టతోని తుడిస్తే పోతది, పెద్దమ్మ జగ్గు గట్లనే తేటగైంది. వెనిగర్‌కు సుత పోకుండ, తడిపితే మాయమై ఆరంగనే మళ్ల వస్తుంటే గాజు పైపొరే చెడ్డట్టు, దానికి ఇంటి వైద్యం లేదు. బంగారు అంచు ఉన్నదాన్ని మాత్రం బాత్రూం యాసిడ్‌తోని, బూడిదతోని రుద్దకుండ్రి, డిజైన్‌తోని పాటు ధర సుత పోతది.

మిగతయి జల్దీ జల్దీ.

కొడితే టంగుమంటే బెల్జియం గ్లాసట. సీసం కలిసిన గాజు ఏ దేశందైనా మోగుతది, సీసం లేని పల్చటి గాజు సుత కొద్దిగ మోగుతది. చౌమహల్లా ప్యాలెస్ షాండ్లియర్లు బెల్జియంవి అంటే మనింట్ల గ్లాసులన్నీ బెల్జియంవి కావు, ఫిరోజాబాద్‌వి కావచ్చు. కంపెనీ గుర్తు లేదంటే నకిలీ అనుకుంటరు, ఫ్రాన్స్‌ల బకారా కంపెనీ గాజు మీద ఎచింగ్ గుర్తు వేసుడు మొదలువెట్టిందే 1936ల, ఫోస్టోరియా ఎక్కువగ కాయితం స్టిక్కర్లే అంటించింది. యూవీ టార్చ్ కింద పచ్చగ మెరిస్తే రైస్ పుల్లర్ (బియ్యాన్ని గుంజుకునే మహిమ గల వస్తువు) అని, కోట్లు అని అడ్వాన్స్ గుంజేటోళ్లు తిరుగుతున్నరు. గట్టి పచ్చ మెరుపంటే గాజుల కొంచెం యురేనియం ఉన్నట్టు, సన్నగ మెరిస్తే మాంగనీసు కావచ్చు, అంతే, బియ్యం గియ్యం గుంజదు. ఫారిన్‌కు పంపితే కోట్లు అనేటోనికి పురావస్తువుల 1972 చట్టం సంగతి చెప్పుండ్రి, నూరేండ్లు దాటి పురావస్తువు కిందికి వచ్చినదాన్ని సొంతంగ దేశం దాటించుడు నేరం.

సీసం గురించి భయపడి ఫోన్ చేసే అక్కలకు: పాత గాజులన్నిట్ల సీసం ఉండదు. బరువుగ ఉండి మోగే క్రిస్టల్‌ల ఎప్పుడన్న ఒక గ్లాసు నీళ్లు తాగితే భయం లేదు, పిల్లలకు, కడుపుతోని ఉన్నోళ్లకు మాత్రం వద్దు. నిమ్మరసం, షర్బత్, మందు లాంటియి రోజులకొద్ది దాంట్ల నిల్వ పెట్టకుండ్రి, ఊరగాయ అసలే వద్దు.

చూపియ్యాలంటే కడగకుండ, ఒక్కోదాన్ని వేరే బట్టల చుట్టి తెండ్రి. ఆదివారం షాపు బంద్.