అబద్ధానికీ ‘లెస్’కీ చుట్టరికం

‘యూజ్‌లెస్’, ‘కేర్‌లెస్’ లాంటి మాటలు మన నోళ్లలో ఎప్పుడో నానిపోయాయి. వాటి చివరున్న ‘లెస్’ అంటే ‘తక్కువ’ అనుకుంటాం. నిజానికి ‘తక్కువ’ అనే ‘లెస్’ వేరు, ఇది వేరు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో ‘లేఅస్’ అనే విశేషణం ఉండేది. ఈ ప్రత్యయం అందులోంచే వచ్చింది. ఆ విశేషణానికి ‘లేని’ అనే అర్థంతో పాటు ‘అబద్ధపు’ అనే అర్థం కూడా ఉంది.

ఎక్కడ ఏ అర్థమో చాలావరకు వ్యాకరణమే పట్టిచ్చేది. పక్కన షష్ఠీ విభక్తిలో నామవాచకం ఉంటే ‘లేని’ అని. ‘బేవుల్ఫ్’ కావ్యంలో చావుదెబ్బ తిన్న గ్రెండెల్ అనే రాక్షసుణ్ని కవి ‘ద్రేఆమ లేఅస్’ అంటాడు. ‘ద్రేఆమ్’ అంటే అప్పట్లో కల కాదు, సంతోషం. ‘ద్రేఆమ’ దానికి షష్ఠీ బహువచనం. ఏ సంతోషమూ మిగలనివాడు అని.

9వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు రాయించిన చట్టాల మొదట్లో బైబిల్ పది ఆజ్ఞలు ఉన్నాయి. అందులో ‘లేఅసె యెవిట్నెస్సె’ చెప్పవద్దని ఒక ఆజ్ఞ. అంటే అబద్ధపు సాక్ష్యం. ఇక్కడ షష్ఠి లేదు, అర్థం మారిపోయింది. ‘లేఅసె’ చివర ఆ ‘ఎ’ ఎందుకొచ్చిందంటే, ‘సాక్ష్యం’ వాళ్లకు స్త్రీలింగం, పైగా వాక్యంలో ద్వితీయా విభక్తిలో ఉంది. సంస్కృతంలో లాగే విశేషణం కూడా నామవాచకాన్ని అనుసరించాలి. అదే పుంలింగమైతే ‘లేఅస్నె’. ముందు ‘ఆ’ అనే మాట చేరితే ఇంకో వరస: ‘సె లేఅస వితెగ’, ఆ దొంగ ప్రవక్త. తెలుగులో ‘అబద్ధపు’ దేని ముందు పెట్టినా మారదు. ఆ సుఖం వాళ్లకు లేదు.

‘లేని’ ఎక్కడ, ‘అబద్ధం’ ఎక్కడ? ఈ మాట మూలార్థం ‘విడిపోయిన, వదులైన’. జర్మన్ ‘లోస్’ దీనికి తోబుట్టువు. వైకింగులు మాట్లాడిన నార్స్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ‘లూజ్’ కూడా అంతే. ఇంగ్లిష్, జర్మన్‌లకు చుట్టమైన గోతిక్ అనే పాత భాషలో ‘లౌస్’ అంటే ఖాళీ. నిజం నుంచి తెగిపోయిన మాట, లోపల ఏమీ లేని మాట, అదే అబద్ధం అని వాళ్లు అనుకున్నారని నాకనిపిస్తుంది. సంస్కృతంలో ‘కోయు’ అనే అర్థమున్న ‘లూ’ ధాతువును కూడా పండితులు ఈ కుటుంబంలోనే చేరుస్తారు. కొడవలికి ‘లవిత్రం’ అనే పేరు ఆ ధాతువు నుంచే పుట్టింది.

1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు గెలిచాక ఇంగ్లండ్‌లో ఫ్రెంచ్ పెత్తనం పెరిగింది. లాటిన్‌లో పుట్టిన ‘ఫాల్స్’ క్రమంగా ‘లేఅస్’ చోటు ఆక్రమించింది. అయినా ‘లేఅసుంగ్’ అనే నామవాచకం మాత్రం ‘లీజింగ్’గా మారి, 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్ 4, 5 కీర్తనల్లో ‘అబద్ధం’ అనే అర్థంతోనే కనిపిస్తుంది. ఇళ్లూ పొలాలూ లీజుకివ్వడంతో దీనికి సంబంధం లేదు, ఆ లీజు ఫ్రెంచ్ నుంచి వచ్చింది.