గాబరా అంటే ఒట్టి భయమేనా? అపోహలు - వాస్తవాలు

"ఏటో గాబరాగా ఉన్నాది బాబూ." టెక్కలి పక్కన ప్రాక్టీసు చేస్తున్న నాకు రోజూ వినిపించే మాట ఇది. వినగానే మాత్ర రాయను. "గాబరా అంటే నీకేమవుతోందమ్మా?" అని అడుగుతాను.

అపోహ: గాబరా అంటే పిరికితనం.

వాస్తవం: పుస్తకాల్లో గాబరా అంటే కంగారు, తత్తరపాటు. మన పల్లెల్లో మాత్రం గుండె దడ, ఆయాసం, చెమటలు, కడుపుబ్బరం అన్నీ గాబరాయే. షుగరు మాత్ర వేసుకుని పొలానికెళ్లి, అన్నం వేళ దాటిపోయిన పెద్దాయనదీ గాబరాయే. వేలికొస గుచ్చి చూస్తే షుగరు 70 కన్నా తక్కువుంటుంది. మెలకువలో ఉంటే పంచదార నీళ్లు పట్టించి, పావుగంటకు మళ్లీ చూడాలి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ వస్తుంది. అన్నిటికన్నా నాకు భయం పెట్టేది ఇంకొకటి: షుగరున్నవాళ్లకి, ఆడవాళ్లకి గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఒట్టి గాబరాతోనూ రావచ్చు. అందుకే "నీకెప్పుడూ ఇదే గోల" అని ఇంట్లో కసురుకోకండి. కొత్తగా వచ్చిన గాబరాకి ఆయాసం, చెమటలు తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: ఈసీజీ బాగుంటే అదంతా నటన.

వాస్తవం: పానిక్ ఎటాక్‌లో, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయంలో, గుండె నిజంగానే పరుగెడుతుంది, చేతులు నిజంగానే వణుకుతాయి. సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, ఆపైన తగ్గుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసిన ఉద్దానంలో, ఈదురుగాలి వినగానే గుండె జారిపోతే అది నటనా?

అపోహ: గాబరా, ఆందోళన, బెంగ ఒకటే.

వాస్తవం: "ఆందోళన ఉందా?" అంటే చాలామంది లేదంటారు. పేపర్లో ఆందోళన అంటే ధర్నా కదా! సంస్కృతంలో ఆ మాటకి అసలు అర్థం ఊగడం. "బెంగగా ఉందా?" అని అడిగి చూడండి, కళ్లు నిండుతాయి. చేపలవేటకి గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి వెళ్లిన కొడుకు కోసం తల్లి పడేది బెంగ. అది జబ్బు కాదు. వారాల తరబడి నిద్ర, తిండి పోతే మాత్రం చూపించుకోవాలి.

అపోహ: ఆందోళనకి ఇచ్చే మందులు ఒకసారి మొదలెడితే వదలవు.

వాస్తవం: ఆందోళన తగ్గించే అల్ప్రజోలం మాత్ర సొంతంగా కొని రోజూ మింగితే అలవాటైపోయే మాట నిజం. ఆందోళనకి నెలల తరబడి వాడే మందులు చాలావరకు అలాంటివి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మానేటప్పుడు మెల్లగా తగ్గించాలి. ఆస్పత్రికి రావడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడా "గాబరా" అని ఊరుకోకుండా, ఎప్పుడొస్తోంది, ఎంతసేపుంటోంది, ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చెప్పండి.