వెనక కూర్చున్న ట్రక్కును లేపితే చాలా? ఎయిర్ బ్యాగులపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకాయన ఫోన్ చేసి "అన్నా, నా ట్రక్కుకి ఎయిర్ బ్యాగులు వేయించాలి" అంటుంటే పక్కనుంచి వాళ్ల మామగారి గొంతు వినబడింది: "అవి బండితోపాటే వస్తాయి కదయ్యా, మళ్లీ కొనడమేంటి?" ఆయన అనుకున్నవి యాక్సిడెంట్ అయితే స్టీరింగులోంచి ఉబికొచ్చే బ్యాగులు. ఇక్కడ నేను చెప్పేవి వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య కూర్చునే రబ్బరు తిత్తులు. కొలిమి తిత్తి లాంటివే, కాకపోతే ఇందులో గాలి లోపలే ఉండి బరువు మోస్తుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ని. ఇప్పుడు డల్లాస్‌కి ఉత్తరాన ఒక సస్పెన్షన్ షాపులో పనిచేస్తున్నాను. ఒకప్పుడు మనవాళ్లెవరైనా పికప్ తీసుకొస్తే ఆగి చూసేవాణ్ని. ఇప్పుడు వేసవి శనివారాల్లో సగం పని మనవాళ్లదే. ఒకరికి టెక్సోమా సరస్సుకి బోటు లాగాలి, ఇంకొకరికి ఓక్లహోమాలోని బ్రోకెన్ బౌకి ట్రావెల్ ట్రైలర్ (లోపలే బస చేసే చక్రాల ఇల్లు) లాగాలి. ట్రైలర్ తగిలించగానే ట్రక్కు వెనక కుంగి, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి. దాంతో టెన్షన్ పడి ఇంటర్నెట్‌లో నాలుగు వీడియోలు చూసి వస్తారు. ఆ వీడియోల్లోంచి మోసుకొచ్చే మాటలే ఇవి.

అపోహ: బ్యాగుల డబ్బా మీద 5,000 పౌండ్లని ఉంది. కాబట్టి ట్రక్కు ఇంకో 5,000 పౌండ్లు మోస్తుంది.

వాస్తవం: ఒక్క పౌండు కూడా ఎక్కువ మోయదు. ఆ అంకె బ్యాగుల జత పూర్తి గాలితో ఎంత బరువును పైకి లేపగలదో చెబుతుంది, అంతే. లెక్క చిన్నదే. ఆరంగుళాల వ్యాసం ఉన్న బ్యాగు అడుగుభాగం వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. 50 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 50 పౌండ్ల ఒత్తిడితో గాలి కొడితే ఒక్కో బ్యాగు 1,400 పౌండ్ల దాకా నెడుతుంది. రెండూ కలిపి 2,800. బాగానే ఉంది. కానీ ఆ బరువంతా తర్వాత ఎక్కడికి పోతుంది? ఇరుసు మీదికి, బేరింగుల మీదికి, రిమ్ముల మీదికి, టైర్ల మీదికి. బ్రేకులు ఆపాల్సిందీ ఆ బరువునే. వీటిలో ఏదీ మనం మార్చలేదు.

ఆటోనగర్‌లో మేమూ ఇదే చేసేవాళ్లం. లారీ ఓనరు వచ్చి "రెండు కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఎక్కువెయ్యి" అనేవాడు, వేసేవాళ్లం. లారీ నిటారుగా నిలబడేది, ఓనరు సంతోషంగా వెళ్లేవాడు. కొన్నాళ్లకి అదే లారీ ఇరుసు హౌసింగ్ (తొడుగు) వంగిపోయిందని తిరిగొచ్చేది. పట్టీలు మాత్రం చెక్కుచెదరకుండా ఉండేవి.

డ్రైవరు డోరు తెరిస్తే పక్క స్తంభానికి పసుపు రంగు గీత ఉన్న స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని రాసి ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక ఫోర్డ్ ఎఫ్-150 పికప్ స్టిక్కరు మీద 1,530 ఉంది. ఆయన లాగాలనుకున్న ట్రైలర్ 7,000 పౌండ్లు. మామూలు ట్రైలర్‌కి ముక్కు బరువు, అంటే హిచ్ (ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద కిందికి పడే బరువు, మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. 13 శాతం వేసుకుంటే 910 పౌండ్లు. హిచ్ సామగ్రి ఇంకో 90. ఐదుగురు మనుషులు 720. జనరేటరు, ఐస్ పెట్టె, బిర్యానీ గిన్నెలు, మడత కుర్చీలు కలిపి 200. మొత్తం 1,920. బరువు పంచే హిచ్ బార్లు (వాటి సంగతి కింద చెబుతాను) ఇందులో కొంత ట్రైలర్ ఇరుసుల మీదికి నెట్టినా, మించిపోయిన 390 మొత్తాన్నీ నెట్టలేవు. పైగా బ్యాగులూ బ్రాకెట్ల బరువు కూడా ఆ 1,530 లోంచే పోతుంది. ఆయనకి బ్యాగులు అమ్మకుండా పంపించాను. మా ఓనరు ఆ సాయంత్రం నాతో సరిగా మాట్లాడలేదు.

అపోహ: ట్రక్కు లెవెల్‌గా నిలబడిందంటే బరువు సరిగా సర్దుకున్నట్టే. ఇక వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ దండగ.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది దీని గురించే.

ట్రైలర్ బరువు పడేది వెనక ఇరుసు మీద కాదు, దానికి ఇంకా నాలుగడుగులు వెనక, ట్రైలర్ ముక్కు కూర్చునే హిచ్ బాలు (ఇనుప గుండు) మీద. చిన్నప్పుడు ఎక్కిన ఊగుడుబల్ల గుర్తు తెచ్చుకోండి. వెనక ఇరుసు మధ్యలోని దిమ్మె. ఆ చివర నొక్కితే ఈ చివర లేస్తుంది. 145 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం), బాలు వెనక ఇరుసుకి 48 అంగుళాల దూరంలో, ముక్కు బరువు 800 పౌండ్లు అనుకుంటే ముందు ఇరుసు మీదినుంచి సుమారు 265 పౌండ్లు లేచిపోతాయి. వెనక ఇరుసు మీద 800 కాదు, 1,065 పడతాయి. స్టీరింగు తేలికైందని జనం చెప్పేది ఈ 265 గురించే. వానలో ముందు బ్రేకులు పట్టు తప్పడానికీ ఇదే కారణం.

ఇప్పుడు బ్యాగుల్లో గాలి కొట్టండి. వెనక లేస్తుంది. ముందుకి ఏమైనా తిరిగొచ్చిందా? నమ్మని కస్టమర్ చేతికే టేపు ఇస్తాను. ట్రైలర్ లేకుండా ముందు మడ్‌గార్డ్ అంచు నేల నుంచి 38 అంగుళాలు. ట్రైలర్ తగిలించాక 38 ముప్పావు. బ్యాగుల్లో 60 పీఎస్ఐ కొట్టాను. వెనక భాగం రెండంగుళాలకు పైగా లేచింది, ట్రక్కు చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. మళ్లీ ముందు కొలిచాడు. 38 ముప్పావే. మోకాళ్ల మీద కూర్చుని ఇంకోసారి కొలిచాడు. స్ప్రింగు మీద ఎంత బరువుందో ఎత్తు అంతే ఉంటుంది. ముందు బరువు మారనప్పుడు ముందు ఎత్తు ఎందుకు మారుతుంది?

ఆ బరువును ముందుకి తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బార్లు. అవి హిచ్‌ని మెలిపెట్టినట్టు పైకి ఎత్తి, కొంత బరువును ముందు ఇరుసు మీదికీ కొంత ట్రైలర్ ఇరుసుల మీదికీ పంపుతాయి. మీ రిసీవర్ (హిచ్ దూర్చే చదరపు గొట్టం) కింద ఉన్న స్టిక్కరు కూడా చదవండి. ఎఫ్-150 లాంటి చాలా హాఫ్ టన్ను ట్రక్కుల మీద ఈ బార్లు లేకుండా ట్రైలర్ 5,000 పౌండ్లు, ముక్కు బరువు 500 అనే రాసి ఉంటుంది. పెద్ద అంకెలు బార్లు ఉంటేనే.

బ్యాగులూ బార్లూ రెండూ ఉంటే మొదట ఏది? నేనైతే బ్యాగుల్లో కనీస గాలి మాత్రమే ఉంచి బార్లు బిగిస్తాను. ముందు ఎత్తును ట్రక్కు మాన్యువల్ చెప్పినంతకు దించుతాను. పూర్తిగా పాత ఎత్తుకు రావాలని అన్ని కంపెనీలూ చెప్పవు, కొన్ని సగం వస్తే చాలంటాయి. ఆ తర్వాత వెనక మిగిలిన కాస్త కుంగుడికి గాలి. గాలి ఎక్కువ కొడితే హిచ్ పైకి లేచి బార్లు వదులవుతాయి, కష్టపడి తెచ్చిన బరువు మళ్లీ వెనక్కి పోతుంది. కొన్ని కిట్ల కాగితంలో దీనికి తలకిందులుగా ఉంటుంది. అప్పుడు కాగితం మాటే వినండి, కానీ చివర్లో ముందు ఎత్తు ఇంకోసారి కొలవండి.

టేపుతో తృప్తి కలగకపోతే హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల కాటా ఉంటుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేరువేరు పలకల మీద నిలబడతాయి, మూడు అంకెలు కాగితం మీద వస్తాయి. బ్యాగుల ఖరీదు ముందు ఆ ఫీజు ఏపాటి?

అపోహ: గాలి తిత్తులు కాబట్టి వోల్వో బస్సులా మెత్తగా పోతుంది.

వాస్తవం: ఈ మాట అనేది మనవాళ్లే. హైదరాబాద్-విజయవాడ గరుడ బస్సులో నిద్రపోయిన సుఖం గుర్తుంటుంది. కానీ ఆ బస్సులో బరువు మోసేవే ఎయిర్ బెలోస్. అక్కడ కమాన్ పట్టీలు లేవు. ఎక్కే జనాన్ని బట్టి వాల్వు దానంతటదే గాలి నింపుతుంది, వదులుతుంది. మన పికప్‌లో పాత పట్టీలు అలాగే ఉంటాయి, వాటి పక్కన బ్యాగు సాయానికి నిలబడుతుంది. రెండు స్ప్రింగులు పక్కపక్కన పెడితే బిగువు పెరుగుతుంది. బరువు మీద బాగానే ఉంటుంది. ఖాళీ ట్రక్కులో 60 పీఎస్ఐ ఉంచి తిరిగితే మాత్రం కాఫీ కప్పులో ఉండదు, చొక్కా మీద ఉంటుంది.

అపోహ: అలాగైతే ట్రైలర్ లేనప్పుడు గాలి మొత్తం తీసేయాలి.

వాస్తవం: వద్దు. ఇరుసు మీద కూర్చునే చాలా కిట్లకు కనీసం 5 పీఎస్ఐ ఉండాలి, గరిష్ఠం 100. గాలి లేని తిత్తి ముడతలు పడుతుంది, గుంతలో చక్రం పడ్డప్పుడు ఆ ముడత రెండు లోహపు పలకల మధ్య నలుగుతుంది. నేను విప్పిన పాడైన బ్యాగుల్లో చాలావాటికి ఒకటే గుర్తు: రబ్బరు చుట్టూ గోటితో గీసినట్టు సన్నటి గీత, వేలితో వంచితే లోపలి నూలు కనబడుతుంది. అది గాలి లేకుండా తిరిగిన బండి.

రామ్ 1500, 2022 తర్వాతి టండ్రా లాంటి వాటికి వెనక పట్టీలు ఉండవు, కాయిల్ స్ప్రింగులుంటాయి. వాటికి కాయిల్ లోపల దూర్చే చిన్న బ్యాగులొస్తాయి, వాటి గరిష్ఠం 35 పీఎస్ఐ మాత్రమే. పక్కింటాయన 70 కొట్టాడని మీరూ కొట్టకండి. ఇక రామ్‌లో కంపెనీ నుంచే ఎయిర్ సస్పెన్షన్ వచ్చి ఉంటే దాని మీద ఇంకో కిట్ వేయమని నన్ను అడగొద్దు. దాని కంప్యూటరు ఒకటి అనుకుంటుంది, మీ చేతి పంపు ఇంకొకటి అనుకుంటుంది.

అపోహ: రెండు బ్యాగులకీ ఒకే గొట్టం వేస్తే ఒత్తిడి సమానంగా ఉంటుంది, అదే మంచిది.

వాస్తవం: నిలబడి ఉన్నప్పుడు సమానమే. మలుపులో చూడండి. ట్రక్కు కుడికి ఒరిగితే కుడి బ్యాగు నలుగుతుంది, అందులో గాలి గొట్టం గుండా ఎడమ బ్యాగులోకి పారిపోతుంది. ఎడమది ఉబ్బుతుంది, ట్రక్కు ఇంకా ఒరుగుతుంది. ఎత్తయిన ట్రైలర్ వెనక ఉంటే కడుపులో దేవినట్టుంటుంది. రెండు గొట్టాలు, రెండు వాల్వులు వేయించుకోండి. వాల్వులు నంబరు ప్లేటు పక్కన పెడితే సైకిలుకు గాలి కొట్టినట్టే కొట్టుకోవచ్చు. కంప్రెసర్ సుఖమే కానీ అవసరం కాదు.

అపోహ: బ్యాగులు వేస్తే ట్రైలర్ ఊగడం ఆగుతుంది.

వాస్తవం: ట్రైలర్ తోక ఆడించడానికి మొదట చూడాల్సిన కారణం ముక్కు బరువు తక్కువ కావడం, అంటే సామానంతా వెనక సర్దడం. 10 శాతం కన్నా దిగితే ఊగుడు మొదలవ్వొచ్చు. మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుందో, సైకిళ్లు ఎక్కడ కట్టారో చూడండి. ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ వదిలి, బ్రేక్ కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయండి. అన్నట్టు, టెక్సస్‌లో ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటి హైవే ఎక్కితే దానికి సొంత బ్రేకులు ఉండి తీరాలి.

అపోహ: నాలుగు బోల్టులే కదా, ఇంట్లోనే వేసుకోవచ్చు.

వాస్తవం: వేసుకోవచ్చు, నేను కాదనను. ఒక ఆదివారం పని. కానీ నా దగ్గరికి "రోజూ గాలి దిగిపోతోంది" అని వచ్చేవాటిలో బ్యాగు తప్పు అరుదు. నైలాన్ గొట్టాన్ని కటింగ్ ప్లయర్‌తో కొరికేస్తారు, చివర వంకరగా, నలిగి ఉంటుంది, ఫిట్టింగులో సరిగా కూర్చోదు. పదునైన బ్లేడుతో అడ్డంగా, వంకర లేకుండా, ఒకే వేటుకి కోయాలి. తర్వాత సబ్బు నీళ్లు రాసి చూడాలి. మన పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్లలో ముంచి చూసినట్టే. పెద్ద బుడగ రాదు. ఫిట్టింగు మెడ దగ్గర చిన్న తెల్లటి నురగ మెల్లగా పేరుకుంటుంది, ఆగి చూస్తేనే కనబడుతుంది.

పోయిన వేసవిలో ఒక ట్రక్కు వచ్చింది, ఎవరో వేరేచోట వేయించుకున్నారు. కుడి బ్యాగు సైలెన్సర్ గొట్టం వైపు అట్టు మాడినట్టు మాడింది. కిట్‌లో ఇచ్చిన వేడి ఆపే రేకు విప్పకుండానే డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంది, ప్లాస్టిక్ కవరుతో సహా.

బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ వైర్లూ బ్రాకెట్‌కి రాసుకోకుండా చూడండి. ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తితే ఇరుసు వేలాడి బ్యాగు సాగిపోతుంది. ఎప్పుడైనా టైరు మార్చాల్సొస్తే ఇరుసు కింద పెట్టి ఎత్తండి.

అపోహ: హైవే మీద బ్యాగు పగిలితే బండి పల్టీనే.

వాస్తవం: కమాన్ పట్టీలు అక్కడే ఉన్నాయి కదా. ట్రక్కు ఆ వైపు కుంగుతుంది, బ్యాగు వేయకముందు ఎలా ఉండేదో ఇంచుమించు అలా. రెండో వైపు గాలి కూడా దించి, నెమ్మదిగా దగ్గర్లోని చోటికి చేరండి. అయితే కిట్ వేసేటప్పుడు చాలా ట్రక్కుల్లో బంప్ స్టాప్ (ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) తీసేస్తారు. బ్యాగు లోపలే బంప్ స్టాప్ ఉన్న రకం కొంచెం ఖరీదెక్కువ. నా ట్రక్కుకి నేను వేసుకున్నది అదే.

అసలు భయపడాల్సింది చలికాలం గురించి. మధ్యాహ్నం 100 ఫారెన్‌హీట్ ఎండలో 50 పీఎస్ఐ కొట్టిన బ్యాగు, 40 డిగ్రీల చలిలో 43 దగ్గర చూపిస్తుంది. ఎక్కడా లీకు లేకపోయినా ఇంతే. వేసవిలో ఖాళీ ట్రక్కుకి సరిగ్గా 5 పెట్టి వదిలేసినవాళ్లు డిసెంబరులో ఒకసారి గేజీ పెట్టి చూసుకుంటే, నాకు జనవరిలో పని కాస్త తగ్గుతుంది.