2255 మోషన్ గడువు: ఆ 90 రోజులు అందరివీ కావు

"ఇంకా నెలన్నర టైముంది కదమ్మా" అన్నారాయన. గుంటూరు వైపు ఊరు, రిటైరైన మాస్టారు. కొడుకు ఇక్కడ అమెరికాలో ఫెడరల్ జైల్లో ఉన్నాడు. నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, అప్పీల్ వేయలేదు. మార్చి 3న జడ్జిమెంట్ డాకెట్‌లోకి, అంటే కోర్టు కేసు రికార్డులోకి, ఎక్కింది. ఆయన ఫోన్ చేసింది మరుసటి ఏడాది ఏప్రిల్ చివర్లో. 2255 మోషన్, అంటే ఫెడరల్ శిక్షను సవాలు చేసే దరఖాస్తు, వేయడానికి జూన్ 15 దాకా గడువుందని ఎవరో లెక్కకట్టి చెప్పారట. నిజానికి మార్చి 17తోనే అయిపోయింది. ఆ మాట చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

శిక్షను సవాలు చేస్తూ 2255 మోషన్లు రాయడమే నా పని కాబట్టి ఈ తప్పు లెక్క మళ్లీ మళ్లీ చూస్తుంటాను. 1996 చట్టం ఏడాది గడువు పెట్టిందని అందరికీ తెలుసు, ఆ ఏడాది ఏ రోజు మొదలవుతుందో అన్న దగ్గరే మునుగుతున్నారు.

అపోహ: "90 రోజులు కలుపుకోవచ్చు."

కలుపుకోవచ్చు, కానీ అప్పీల్ వేసినవాళ్లు మాత్రమే. అప్పీల్ కోర్టులో ఓడినవాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ఉండే సమయం అది. వెళ్లకపోతే ఆ 90 రోజులు ముగిశాక శిక్ష ఖాయమైనట్టు అని 2003లో క్లే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ 90 కూడా అప్పీల్ కోర్టు తీర్పు రోజు నుంచే, తర్వాతెప్పుడో వచ్చే మాండేట్ (ఆ తీర్పును కింది కోర్టుకు పంపే ఉత్తర్వు) నుంచి కాదు. అసలు అప్పీలే వేయనివాళ్లకు సుప్రీంకోర్టుకు పట్టుకెళ్లడానికి తీర్పేది? వాళ్లకు ఉన్నది అప్పీల్ నోటీసుకు ఇచ్చే 14 రోజులే, అవి ముగిసిన రోజు నుంచే ఏడాది. ఈ వాక్యం ఇంకోసారి చదవండి ప్లీజ్, ఎందుకంటే ప్లీ అగ్రిమెంట్ (నేరం ఒప్పుకుంటూ ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టి అప్పీల్ వదులుకున్నవాళ్లే ఎక్కువగా ఇక్కడ దెబ్బతింటున్నారు. (స్టేట్ కేసుల లెక్క వేరు, దాన్ని దీంతో కలపకండి.)

మాస్టారు తర్వాత అడిగింది, "డిలే కండోనేషన్ వేద్దామా?" అని. ఊళ్లో లాయరుగారు చెప్పారట. మన దగ్గర లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేసి ఆలస్యాన్ని మాఫీ చేయించుకోవడం అలవాటే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను. ఇక్కడ మాత్రం ఆ తలుపు చాలా ఇరుకు. 2010 నాటి హాలండ్ తీర్పు ప్రకారం ఖైదీ తన వంతు శ్రద్ధగా ప్రయత్నించి ఉండాలి, అసాధారణమైన అడ్డంకి ఏదో ఆపి ఉండాలి, రెండూ చూపించాలి. లాయర్ తేదీ తప్పు లెక్కపెట్టాడంటే సాధారణంగా సరిపోదు. చట్టం తెలియదంటే అసలు వినరు.

"ట్రాన్‌స్క్రిప్ట్‌లు రాలేదు, వచ్చాక వేస్తాం" అనేవాళ్లు ఇంకో రకం. అవి రాలేదని గడియారం ఆగదండీ. తెలిసిన విషయాలతో ముందు వేసేయండి. అలాగని ఒక్క పాయింటు రాసి మిగతావి తర్వాత చేర్చుదామనుకోవద్దు, గడువు దాటాక చేర్చేవి మొదట రాసిన సంగతులకే ముడిపడి ఉండాలి.

"సుప్రీంకోర్టు కొత్త తీర్పు ఇచ్చింది, మళ్లీ ఏడాది వచ్చింది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ తీర్పు కొత్త హక్కును గుర్తించాలి, అది పాత కేసులకూ వర్తించాలి. అప్పుడు కూడా ఏడాది ఆ తీర్పు వెలువడిన రోజు నుంచే, పాత కేసులకు వర్తిస్తుందని తర్వాతెప్పుడో ఇంకో కోర్టు చెప్పిన రోజు నుంచి కాదు. నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేయడం) ముప్పు ఉందని లాయర్ చెప్పలేదనేవాళ్లు పట్టుకునే పాడిల్లా తీర్పు 2010ది. దానికి ముందే ఖాయమైన శిక్షలకు అది వర్తించదని 2013లోనే తేలిపోయింది.

పోస్టులో లేటైతే? జైలు లీగల్ మెయిల్‌లో (కోర్టు ఉత్తరాల కోసం జైల్లో ఉండే ఏర్పాటు) చివరి రోజులోపు వేస్తే చాలు, కోర్టుకు ఎప్పుడు చేరినా పర్వాలేదు. ఏ రోజు వేశారో, స్టాంపులు అంటించారో ఒక డిక్లరేషన్ రాసి సంతకం పెట్టాలి. మామూలు డబ్బాలో పడేస్తే మాత్రం ఈ రక్షణ ఉంటుందని అనుకోవద్దు.

ఫీజా? 2255కి కోర్టు ఫీజే లేదు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బు అడిగితే రసీదు అడగండి.